మన్యంలో శాఖల సమన్వయం: చట్టం ఏం చెబుతోంది?

కొయ్యూరు: కొండపైనున్న ఒక గిరిజన గూడేనికి బాట వేయాలంటే ఎన్ని కార్యాలయాలు కదలాలి? నిధులు మంజూరు చేసేది ఒక శాఖ. అంచనాలు తయారు చేసేది గిరిజన సంక్షేమ శాఖ ఇంజినీరింగ్‌ విభాగమో, పంచాయతీరాజ్‌ విభాగమో. బాట సాగే నేల రెవెన్యూ భూమా, రిజర్వు అడవా అన్నది తేల్చవలసినవి మరో రెండు శాఖలు. వీటిలో ఏ ఒక్కచోట దస్త్రం ఆగినా బాట ఆగుతుంది. బాట ఆగితే నిండు గర్భిణిని డోలీలో మోయక తప్పదు. తాగునీటి పథకమైనా, విద్యుత్తు లైనైనా, అంగన్‌వాడీ భవనమైనా మన్యంలో ఇదే తంతు.

శాఖల మధ్య సమన్వయం అధికారుల ఇష్టాయిష్టాలపై ఆధారపడినదా, లేక చట్టం విధించిన బాధ్యతా? 1839 నుంచి నేటి వరకు ఈ ప్రాంతానికి వర్తించిన చట్టాలు, ఉత్తర్వులను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. వాటిలో నేడు గిరిజనులకు అక్కరకొచ్చే నిబంధనలు ఏవో కూడా తెలుస్తాయి.

మూడు ఠాణాలు.. మూడు రోజులు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం వరుస దాడులు జరిపింది. మొదటి రెండూ విశాఖపట్నం జిల్లాలోనివి. మూడోది గోదావరి ఏజెన్సీలోనిది. అడవి దారులు తెలిసిన దళానికి జిల్లా సరిహద్దు అడ్డు కాలేదు. ప్రభుత్వ యంత్రాంగానికి మాత్రం అది సమస్యగా మారింది. ఉత్తర కోస్తాలోని ఏజెన్సీ ప్రాంతాల వ్యవహారాలు చూసేందుకు ప్రత్యేకంగా ఏజెన్సీ కమిషనర్‌ పదవి ఉండేది. తిరుగుబాటు కాలంలో హిగ్గిన్స్‌ ఆ బాధ్యతల్లో ఉన్నారు. 1924లో రూథర్‌ఫర్డ్‌ను ప్రత్యేక కమిషనర్‌గా నియమించారు. అదే ఏడాది మే 7న మంప సమీపంలో పట్టుబడిన రాజును కొయ్యూరులో కాల్చి చంపారు.

తిరుగుబాటును అణచేందుకు జిల్లాల హద్దులు దాటి యంత్రాంగాన్ని ఒక్కతాటిపైకి తెచ్చిన ప్రభుత్వం, అందుకు కారణమైన కష్టాలు తీర్చేందుకు ఆ శ్రద్ధ చూపలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును, అటవీ ఉత్పత్తుల సేకరణను కట్టడి చేసింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌ హయాంలో రోడ్డు పనికి కొండవారిని చాలీచాలని కూలికి వాడుకున్నారు. అటవీ శాఖ, రెవెన్యూ, పోలీసు.. ఏ శాఖ పనిచేసినా భారం పడింది గిరిజనుడి మీదే. సమన్వయం ఎవరి కోసం అన్న ప్రశ్న కొయ్యూరు ప్రాంతంలో ఆనాడే తలెత్తిందన్నమాట.

ఒకే చేతిలో అన్ని అధికారాలు

మన్యంలో ఏకచ్ఛత్ర పాలన కొత్తది కాదు. 1839లో వచ్చిన గంజాం, విశాఖపట్నం ఏజెన్సీ చట్టం (24వ చట్టం) కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించింది. వాటిని గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. శిస్తు వసూలు, సివిల్‌, క్రిమినల్‌ విచారణ అన్నీ ఆయన చేతిలోనివే. ‘ఏజెన్సీ’ అన్న మాట ప్రజల నోట నిలిచిపోయింది ఈ ఏజెంటు పాలన వల్లనే.

తరువాత 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. గిరిజనుల భూములు ఇతరుల పాలు కాకుండా 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం చేశారు. 1919 భారత ప్రభుత్వ చట్టం ఈ ప్రాంతాలను వెనుకబడిన ప్రాంతాలుగా, 1935 చట్టం పాక్షిక మినహాయింపు ప్రాంతాలుగా పేర్కొన్నాయి. పేర్లు మారినా పద్ధతి మారలేదు. అధికారి ఒక్కడే. ఆయన పైవారికి జవాబుదారీ తప్ప కింది గ్రామానికి కాదు. అధికారాలన్నీ ఒకచోట చేర్చినంత మాత్రాన ప్రజలకు మేలు జరగదని చెప్పడానికి 1922 తిరుగుబాటును మించిన సాక్ష్యం అక్కరలేదు.

అయిదో షెడ్యూలు అండ

స్వాతంత్య్రానంతరం రాజ్యాంగంలోని 244(1) అధికరణం, అయిదో షెడ్యూలు ఈ ప్రాంతాలకు రక్షణగా నిలిచాయి. పార్లమెంటు లేదా శాసనసభ చేసిన చట్టం షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదని గానీ, మార్పులతో వర్తిస్తుందని గానీ గవర్నరు ప్రకటించవచ్చు. శాంతి, సుపరిపాలన కోసం ప్రత్యేక నిబంధనలు చేయవచ్చు. షెడ్యూల్డు ప్రాంతాల పాలనపై రాష్ట్రపతికి నివేదిక పంపాలి. గిరిజన సలహా మండలిని ఏర్పాటు చేయాలి.

ఈ అధికారంతోనే 1959లో ఒకటో నిబంధన, దానిని సవరిస్తూ 1970లో ప్రజల వాడుకలో ‘1/70’గా స్థిరపడిన నిబంధన వచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి సంక్రమించినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత స్వాధీనంలో ఉన్నవారిదే. అయితే ఈ ఒక్క నిబంధన అమలుకే రెవెన్యూ, రిజిస్ట్రేషన్‌, సర్వే, పోలీసు శాఖలు కలిసి రావాలి. తీర్పు వచ్చినా భూమి చేతికి రాలేదన్న ఫిర్యాదులు పుట్టేది ఈ శాఖల నడుమనే.

అనంతగిరి మండలంలోని గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా సమన్వయాన్ని ప్రస్తావించింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వరాదని తేల్చింది. గనుల విషయంలో పరిశ్రమలు, అడవులు, గిరిజన సంక్షేమం వంటి శాఖలు కలిసి ఆలోచించి నిర్ణయించాలని సూచించింది.

ఐటీడీఏ ఎందుకు వచ్చింది?

1950వ దశకంలో అరకు వంటి చోట్ల ప్రత్యేక బహుళార్థ గిరిజన బ్లాకులు ప్రారంభమయ్యాయి. వాటి పనితీరును వెరియర్‌ ఎల్విన్‌ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1960లో సమీక్షించింది. గిరిజన ప్రాంతాలను పథకాల గుంపుతో, అధికారుల రద్దీతో ముంచెత్తరాదన్నది ఎల్విన్‌ మొదటి నుంచీ చెబుతూ వచ్చిన మాట. శ్రీకాకుళం గిరిజన పోరాటం తరువాత 1970వ దశకం ఆరంభంలో అక్కడ గిరిజన అభివృద్ధి సంస్థను ప్రయోగాత్మకంగా నెలకొల్పారు. అయిదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉపప్రణాళిక విధానం వచ్చింది. దానితోపాటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, అంటే ఐటీడీఏలు ఏర్పడ్డాయి. కొయ్యూరు మండలం పాడేరు ఐటీడీఏ పరిధిలోనిది.

విద్య, వైద్యం, వ్యవసాయం, రోడ్లు, తాగునీరు వంటి శాఖలను ప్రాజెక్టు అధికారి (పీఓ) ద్వారా ఒకేచోట నడిపించడం ఐటీడీఏ లక్ష్యం. 1980వ దశకంలో ప్రభుత్వం ‘సింగిల్‌ లైన్‌’ పాలన పేరిట ఉత్తర్వులిచ్చి, ఏజెన్సీలోని అభివృద్ధి శాఖలపై పీఓకు పర్యవేక్షణాధికారం కల్పించింది. కలెక్టరు అధ్యక్షతన ప్రజాప్రతినిధులు, అధికారులతో పాలకవర్గం ఉంటుంది.

కలిసి పనిచేస్తే ఫలితం ఎలా ఉంటుందో కాఫీ సాగు చెబుతుంది. పాడేరు మన్యంలో మొక్కలు, ప్రోత్సాహకాలు ఐటీడీఏ సమకూర్చింది. సాంకేతిక సలహా కాఫీ బోర్డుది. గింజల కొనుగోలులో 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పాలుపంచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే ఐటీడీఏకు ఒక మౌలిక పరిమితి ఉంది. అది సంఘాల రిజిస్ట్రేషన్‌ చట్టం కింద నమోదైన సంస్థ. శాసనసభ ప్రత్యేకంగా చేసిన చట్టంతో పుట్టినది కాదు. పీఓ మాట ఇతర శాఖలు వినాలన్న నియమం ప్రభుత్వ ఉత్తర్వుల బలంతో నడుస్తుంది. శాఖాధిపతి మరోచోట ఉంటాడు. ఉద్యోగి బదిలీ, పదోన్నతి, బడ్జెటు ఆ శాఖ చేతిలోనే ఉంటాయి. చురుకైన పీఓ ఉన్నప్పుడు కదిలిన దస్త్రాలు, ఆయన బదిలీ కాగానే నిలిచిపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

సమన్వయాన్ని శాసించిన మూడు చట్టాలు

ఉత్తర్వులతో కాక చట్టంతోనే శాఖలను ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాట్లు గత మూడు దశాబ్దాల్లో వచ్చాయి. వీటిలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది పెసా. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం 1996 డిసెంబరు 24న అమల్లోకి వచ్చింది. దానికి అనుగుణంగా రాష్ట్రం 1998లో పంచాయతీరాజ్‌ చట్టాన్ని సవరించింది. నియమావళి వెలువడింది మాత్రం 2011లో. ఈ చట్టం ప్రకారం అభివృద్ధి పథకాలను అమలుకు ముందే గ్రామసభ ఆమోదించాలి. ఖర్చయిన నిధులకు వినియోగ ధ్రువీకరణను పంచాయతీ గ్రామసభ నుంచే పొందాలి. సామాజిక రంగాల్లోని సంస్థలు, సిబ్బందిపై నియంత్రణ, గిరిజన ఉపప్రణాళిక సహా స్థానిక ప్రణాళికలపై అధికారం సముచిత స్థాయిలోని పంచాయతీలకు, గ్రామసభకు ఉండేలా చూడాలని చట్టం నిర్దేశించింది. పాఠశాల ఒక శాఖది, ఆరోగ్య ఉపకేంద్రం మరో శాఖది కావచ్చు. రెండింటినీ ఒకే వేదికపై ప్రశ్నించే హక్కు గ్రామసభకుంది.

రెండోది అటవీ హక్కుల చట్టం. 2006లో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టం, నియమాలతో సహా 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమిపై గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు లభిస్తుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. దావా మొదట గ్రామసభకు, తరువాత డివిజన్‌ స్థాయి కమిటీకి, చివరకు జిల్లా కమిటీకి వెళుతుంది. ఈ కమిటీల్లో రెవెన్యూ, అటవీ, గిరిజన సంక్షేమ శాఖల అధికారులు ఉండి తీరాలి. వారితోపాటు పంచాయతీరాజ్‌ సంస్థల నుంచి ముగ్గురు సభ్యులుంటారు. వారిలో ఇద్దరు గిరిజనులు, కనీసం ఒకరు మహిళ కావాలి. అటవీ శాఖ ఒంటరిగా దావాను తోసిపుచ్చలేదు. రెవెన్యూ ఒంటరిగా పట్టా ఇవ్వలేదు. హక్కుల గుర్తింపు ప్రక్రియ ముగిసేవరకు సాగుదారును తొలగించరాదు.

బాటల విషయంలో ఇదే చట్టంలోని 3(2) సెక్షను కీలకమైనది. పాఠశాల, వైద్యశాల, అంగన్‌వాడీ, చౌక దుకాణం, విద్యుత్తు, టెలిఫోన్‌ లైన్లు, తాగునీటి పథకం, చిన్న సాగునీటి కాలువ, రహదారి, సామాజిక భవనం సహా 13 రకాల సదుపాయాలకు అటవీ భూమిని మళ్లించవచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి మాత్రమే కావాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి నరకరాదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. పెద్ద ప్రాజెక్టుల మాదిరి 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అనుమతి కోసం ఎదురుచూడవలసిన అవసరం వీటికి లేదు. గూడెం బాటకు అటవీ అభ్యంతరం ఎదురైనప్పుడు మొదట చూడవలసిన నిబంధన ఇది.

మూడోది ఉపప్రణాళిక చట్టం. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికల నిధుల కేటాయింపు, వినియోగంపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ శాసనసభ చేసిన చట్టం 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. ప్రణాళిక నిధుల్లో జనాభా నిష్పత్తికి తగిన వాటాను ప్రతి శాఖా విడిగా చూపించాలి. పైస్థాయిలో ముఖ్యమంత్రి అధ్యక్షతన మండలి, గిరిజన సంక్షేమ శాఖ నేతృత్వంలో నోడల్‌ ఏజెన్సీ, జిల్లాలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. పదేళ్ల గడువుతో వచ్చిన ఈ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్‌ 2023 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా మరో పదేళ్లు పొడిగించింది. ఇతర అవసరాలకు నిధులు మళ్లించారన్న ఆరోపణలు వచ్చినప్పుడు లెక్క అడగడానికి ఆధారం ఇదే.

వీటికి భిన్నంగా, 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్‌ తొమ్మిది కేంద్ర మంత్రిత్వ శాఖల పనులను, 2024 అక్టోబరు 2న మొదలైన ధర్తీ ఆబా కార్యక్రమం 17 మంత్రిత్వ శాఖల పనులను కలిపాయి. ఇవి పథకాలే తప్ప చట్టాలు కావు. పథకానికి కాలపరిమితి ఉంటుంది. చట్టమిచ్చిన హక్కు, ఆ చట్టం ఉన్నంతకాలం నిలుస్తుంది.

సరిహద్దుల చిక్కు

శాఖల మధ్యనే కాదు, జిల్లాల మధ్య సమన్వయం కూడా కొయ్యూరుకు ముఖ్యమే. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద 2022 ఏప్రిల్‌ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. విశాఖ జిల్లాలోని 11, తూర్పు గోదావరి జిల్లాలోని 11 ఏజెన్సీ మండలాలను అందులో చేర్చారు. దాంతో కొయ్యూరు, పొరుగునున్న రాజవొమ్మంగి ఒకే జిల్లాలోకి వచ్చాయి. 2025 చివర రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ఏర్పాటు కావడంతో ఆ వైపు ప్రాంతం మళ్లీ విడిపోయింది.

మైదానం వైపు పరిస్థితీ అంతే. కొయ్యూరు వాసులకు సంతకైనా, ఆసుపత్రికైనా నర్సీపట్నం దారి దగ్గర. ఆ పట్టణం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలోనిది కావడంతో అదీ అనకాపల్లి జిల్లాలోనే ఉండిపోయింది. రాజు నేలకొరిగిన ఊరు ఆయన పేరిట ఉన్న జిల్లాలో, సమాధి పక్క జిల్లాలో ఉన్నాయి.

మరో చిక్కు షెడ్యూల్డు హద్దుది. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం మండలాల్లో షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చని గిరిజన గ్రామాలున్నాయి. కొండ ఒకటే, తెగ ఒకటే. అయినా గీతకు అవతల 1/70 వర్తించదు, పెసా వర్తించదు. అటవీ హక్కుల చట్టం మాత్రం రెండువైపులా వర్తిస్తుంది. ఈ గ్రామాలను షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చాలన్న డిమాండు చాలాకాలంగా ఉంది. ఆ నిర్ణయాధికారం రాష్ట్రపతిది.

ఇతర చోట్ల ఏం చేశారు?

కొండ ప్రాంతాల కోసం జిల్లాలు, రాష్ట్రాల హద్దులు దాటి చట్టం చేసిన ఉదాహరణలు ఉన్నాయి. అమెరికాలో పేదరికం, రోడ్ల కొరతతో వెనుకబడిన అపలాచియన్‌ పర్వత ప్రాంతం కోసం 1965లో ప్రత్యేక చట్టం చేసి ప్రాంతీయ కమిషన్‌ను నెలకొల్పారు. ప్రస్తుతం 13 రాష్ట్రాలకు చెందిన ప్రాంతాలు దాని పరిధిలో ఉన్నాయి. కమిషన్‌ నిర్ణయాలకు కేంద్ర ప్రతినిధి సమ్మతి, గవర్నర్లలో అధిక సంఖ్యాకుల సమ్మతి రెండూ కావాలి. మన దేశంలో 1971 నాటి చట్టంతో ఈశాన్య మండలి ఏర్పడింది. 2002 సవరణతో అది ప్రాంతీయ ప్రణాళికా సంస్థగా మారి, సిక్కింను కలుపుకొంది.

ఈ రెండు ఏర్పాట్లలోనూ ఎవరు కూర్చోవాలో, నిర్ణయానికి ఎవరి సమ్మతి కావాలో చట్టమే చెప్పింది. విశాఖ, గోదావరి మన్యాలకు కలిపి అటువంటి చట్టబద్ధ సంస్థ లేదు. ఐటీడీఏలకు ప్రత్యేక చట్టం ద్వారా అధికారాలు కల్పిస్తే ఆ లోటు కొంత తీరుతుంది. అయితే ఆ అధికారం గ్రామసభకు జవాబుదారీగా ఉండాలి. లేకుంటే అది 1839 నాటి ఏజెంటు పాలనకు కొత్త పేరే అవుతుంది.

గ్రామస్థులు గుర్తుంచుకోవలసినవి

బాట, తాగునీరు, భవనం ఏది కావాలన్నా మొదట గ్రామసభలో తీర్మానం చేయించి, సంతకాలతో నకలు దగ్గర ఉంచుకోవాలి. అటవీ భూమి మీదుగా సాగే పనికి అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షనును తీర్మానంలో పేర్కొనాలి.

పోడు భూమి దావాపై డివిజన్‌ కమిటీ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లోగా జిల్లా కమిటీకి విన్నవించుకోవచ్చు. తిరస్కరణకు కారణం లిఖితపూర్వకంగా కోరాలి.

పనికి వినియోగ ధ్రువీకరణ ఇచ్చేముందు ఆ పనిని గ్రామసభ స్వయంగా చూడాలి. పూర్తికాని పనికి ధ్రువీకరణ ఇవ్వవలసిన అవసరం లేదు.

దస్త్రం ఏ కార్యాలయంలో ఉందో తెలియనప్పుడు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అడిగిన సమాచారం వేరే కార్యాలయానికి సంబంధించినదైతే దరఖాస్తును అక్కడికి పంపవలసిన బాధ్యత అధికారిదే. దరఖాస్తుదారు తిరగనక్కరలేదు.

శాఖలు తమంతట తాము కలుస్తాయని ఎదురుచూస్తే ఏళ్లు గడుస్తాయి. వాటిని ఒకచోటికి పిలిచే అధికారాన్ని 1996, 2006 నాటి చట్టాలు గ్రామానికే ఇచ్చాయి. ఆ పిలుపు మొదలు కావలసింది గూడెంలోని రచ్చబండ దగ్గరే.